నిరూపణ కఠినమైనకొద్దీ: మధ్యయుగ క్రైస్తవ చింతనలో విశ్వాసం, హేతువు

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా తిరిగి చెబుతాను. మధ్యయుగాల క్రైస్తవ మతం “నమ్ము, ప్రశ్నించకు” అని బోధించిందని మీరు ఒకచోట చదివారు. ఆ యుగానికే చెందిన పదమూడో శతాబ్దపు పండితుడు థామస్ అక్వినాస్ దేవుడున్నాడని తర్కబద్ధంగా నిరూపించాడని మరొకచోట చదివారు. ఈ రెండూ ఎలా పొసగుతాయని, పారిస్‌లో కొందరు బోధించారంటున్న “రెండు సత్యాల సిద్ధాంతం” ఏమిటని అడిగారు. పాశ్చాత్య తత్త్వశాస్త్ర చరిత్రను చాలా ఏళ్లు పాఠంగా చెప్పినవాడిగా నేను ఇవ్వగల సమాధానం ఇది: మొదటి మాట దాదాపు తప్పు, రెండో మాట సగమే ఒప్పు, మూడోదాన్ని బోధించినవాడు ఇంతవరకు ఎవరి గ్రంథంలోనూ దొరకలేదు. పదకొండో శతాబ్దంలో హేతువుకు అప్పగించిన పనులు చాలా ఎక్కువగా ఉండేవి. పద్నాలుగో శతాబ్దం వచ్చేసరికి అవి బాగా తగ్గిపోయాయి. తగ్గించినవారు తర్కానికి శత్రువులు కారు, ఆనాటి యూరప్‌లో దానిని అందరికంటే బాగా ఎరిగినవారు. అలా ఎందుకు జరిగిందన్నదే వివరించవలసిన సంగతి.

తెలుగులో ఈ చర్చ మొదలుపెట్టగానే మాటలే అడ్డం వస్తాయి. ‘హేతువాదం’ అనగానే మనకు గత శతాబ్దపు నాస్తికోద్యమాలు, మూఢనమ్మకాల మీద జరిగిన ప్రచారాలు గుర్తుకొస్తాయి కనుక, హేతువు అన్న మాట మన చెవికి ముందే మతానికి ఎదురుగా నిలబడి వినిపిస్తుంది. లాటిన్‌లోని ‘రాషియో’కు ఆ వాసన లేదు. లెక్క, కారణం, వాదన, బుద్ధి, ఇవన్నీ దాని అర్థాలే. ‘ఫిదేస్’కు మాత్రం మన ‘విశ్వాసం’ చక్కగా అమరుతుంది. విశ్వాసం గల సేవకుడు అన్నప్పుడు మనం చెప్పే అర్థం లాటిన్ మాటలోనూ ఉంది. అంటే మధ్యయుగ పండితుడి దృష్టిలో విశ్వాసం ఆధారం లేని అభిప్రాయం కాదు, మాట తప్పనివాడు చెప్పాడు కనుక ఇచ్చే సమ్మతి. ఆప్తవాక్యాన్ని ప్రమాణాల్లో ఒకటిగా లెక్కించే న్యాయదర్శనం గురించి విన్న పాఠకులకు ఇది కొత్తగా అనిపించదు, అయితే ఆ పోలికను అక్కడితో ఆపడం మంచిది.

“అసంబద్ధం కనుకనే నమ్ముతున్నాను” అన్న వాక్యాన్ని మధ్యయుగాలకు అంటగట్టడం పరిపాటి. దాన్ని టెర్టూలియన్‌కు ఆపాదిస్తారు. ఆయన క్రీస్తు శకం 200 ప్రాంతపు ఉత్తరాఫ్రికా రచయిత, మధ్యయుగాలవాడు కాదు. పైగా ఆ వాక్యం ఆ రూపంలో ఆయన గ్రంథాల్లో లేదు. మధ్యయుగాలు నిజంగా తలకెత్తుకున్న వాక్యం అగస్టీన్‌ది. నేటి అల్జీరియాలోని అన్నాబా, అప్పటి హిప్పో, పట్టణానికి బిషప్పుగా ఉన్న ఈయన (354–430) “నమ్మకపోతే మీరు గ్రహించలేరు” అన్న యెషయా ప్రవక్త మాటను పదేపదే ఉదాహరించాడు. చిత్రమేమిటంటే యెషయా 7:9లో ఆ అర్థం హీబ్రూ మూలంలో లేదు. గ్రీకు అనువాదం నుంచి పాత లాటిన్ బైబిలులోకి వచ్చింది. హీబ్రూను అనుసరించిన జెరోమ్ లాటిన్ అనువాదంలోనూ, మన తెలుగు బైబిలులోనూ ఆ చోట ఉన్నది స్థిరపడడం, నిలవడం అన్న అర్థమే. రెండు పాఠాలూ అగస్టీన్‌కు తెలుసు, రెండింటిలోనూ నేర్చుకోవలసింది ఉందని ఆయనే రాశాడు. ఒక ప్రసంగంలో ఆయన దీన్ని రెండు వైపులా చెప్పాడు: నా మాట నమ్మడానికి ముందు దాన్ని గ్రహించు, దేవుని మాట గ్రహించడానికి ముందు దాన్ని నమ్ము. ప్రశ్నించవద్దనే ఆజ్ఞ ఇందులో ఎక్కడా లేదు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలన్న సూచన మాత్రం ఉంది.

ఆ సూచనను పట్టుకుని అందరికంటే దూరం వెళ్లినవాడు అన్సెల్మ్ (1033–1109). ఆల్ప్స్ పర్వతాల్లోని ఆవోస్తాలో పుట్టి, నార్మండీలోని బెక్ మఠంలో సన్యాసిగా, మఠాధిపతిగా ఉండి, 1093లో ఇంగ్లండులోని కాంటర్బరీకి ఆర్చిబిషప్పు అయ్యాడు. బెక్ మఠంలోని సన్యాసులు ఆయన్ను ఒక విచిత్రమైన కోరిక కోరారు: దేవుని స్వభావం గురించి మీరు మాతో మాట్లాడిన సంగతులు రాయండి, కానీ ఏ ఒక్కదాన్నీ లేఖనాల అధికారంతో ఒప్పించవద్దు, వాదన బలంతోనే ఒప్పించండి. మఠంలో రోజుకు ఎన్నోసార్లు కీర్తనలు గానం చేసే మనుషులు అడిగినది ఇది! అలా పుట్టిన ‘మొనోలోగియోన్’ తర్వాత, అనేక వాదనల గొలుసుకు బదులు ఒకే ఒక్క వాదన చాలదా అన్న ఆలోచన అన్సెల్మ్‌ను నిద్రపోనివ్వలేదు. 1077–78లో రాసిన ‘ప్రోస్లోగియోన్’కు ఆయన మొదట పెట్టిన పేరు “ఫిదేస్ క్వేరెన్స్ ఇంటెల్లెక్తుమ్”, అనగా అవగాహన కోసం వెతుకులాడే విశ్వాసం. దేనికంటే గొప్పదాన్ని తలచడం సాధ్యం కాదో అదే దేవుడు. అది తలపులో మాత్రమే ఉండి వాస్తవంలో లేకపోతే దానికంటే గొప్పదాన్ని తలచవచ్చు. కాబట్టి అది వాస్తవంలోనూ ఉండి తీరాలి. వాదన ఇంతే, కానీ అది ప్రార్థన రూపంలో దేవుణ్ణే సంబోధిస్తూ సాగుతుంది.

దీనికి మొదటి ఖండన నాస్తికుడి నుంచి రాలేదు, మార్మూతియే మఠానికి చెందిన గౌనిలో అనే మరో సన్యాసి నుంచి వచ్చింది. “దేవుడు లేడని బుద్ధిహీనుడు తన హృదయంలో అనుకుంటాడు” అని కీర్తనల్లో ఉన్న ఆ బుద్ధిహీనుడి తరఫున వకాల్తా పుచ్చుకుని, ఈ లెక్కన అన్నిటికంటే శ్రేష్ఠమైన ఒక ద్వీపాన్ని తలచుకుంటే అది కూడా సముద్రంలో ఎక్కడో ఉండి తీరాలి కదా అని ఆయన అడిగాడు. అన్సెల్మ్ జవాబు రాసి, ఇకమీద తన పుస్తకానికి ప్రతులు తీసేవారు ఆ ఆక్షేపణనూ తన జవాబునూ దానితోపాటే రాయాలని కోరాడని ఆయన జీవితచరిత్ర రాసిన ఈడ్మర్ చెబుతాడు. “నమ్ము, ప్రశ్నించకు” అనే యుగమైతే ఆ ద్వీపం సంగతి మన దాకా వచ్చేది కాదు.

అయితే నేను విద్యార్థులకు ఎక్కువసేపు చెప్పేది ఈ వాదన గురించి కాదు, 1098లో ముగిసిన ‘కూర్ దేవుస్ హోమో’ (దేవుడు మనిషి ఎందుకయ్యాడు) గురించి. అందులో అన్సెల్మ్ క్రీస్తు గురించి ఏమీ తెలియనట్టే పక్కన పెట్టి, దేవుడు మనిషిగా పుట్టక తప్పదని వాదన బలంతోనే చూపించడానికి పూనుకుంటాడు. పాపం వల్ల దేవునికి కలిగిన అవమానానికి తగిన పరిహారం మనిషి చెల్లించవలసి ఉంది, దేవుడు తప్ప మరెవరూ చెల్లించలేరు, కాబట్టి చెల్లించేవాడు దేవుడూ మనిషీ అయి ఉండాలి. హేతువు మీద ఇంత నమ్మకం తర్వాతి శతాబ్దాల పెద్ద క్రైస్తవ పండితుల్లో అరుదు. అన్సెల్మ్‌ను భక్తికి, అక్వినాస్‌ను హేతువుకు ప్రతినిధులుగా చూపే పాఠ్యపుస్తకాల వరస ఇక్కడే తలకిందులవుతుంది.

అబెలార్డ్ (1079–1142) గురించి రెండు మాటలు చాలు. ‘సిక్ ఎత్ నోన్’ (అవును, కాదు) అన్న గ్రంథంలో 158 ప్రశ్నలు తీసుకుని, ప్రతి ప్రశ్నకూ సభాపితరుల (తొలి శతాబ్దాల చర్చి గురువుల) వాక్యాలను ఎదురెదురుగా నిలబెట్టి, తీర్పు చెప్పకుండా వదిలేశాడు. అందులో మొదటి ప్రశ్న విశ్వాసాన్ని హేతువుతో బలపరచవచ్చా అన్నదే. ఆయన్ను 1121లో స్వాసోన్ సభ ఖండించి, త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న బోధ) మీద రాసిన పుస్తకాన్ని ఆయన చేతనే మంటల్లో వేయించింది. తర్వాత క్లెర్వో మఠాధిపతి బెర్నార్డ్ పూనికతో సాన్స్ సభ మరోసారి ఖండించింది. కానీ ఆయన్ను చివరి రోజుల్లో ఆదరించి ఆశ్రయమిచ్చినవాడు కూడా ఒక మఠాధిపతే, క్లూనీకి చెందిన పీటర్. చర్చి అంటే ఒకే గొంతు కాదని గుర్తుపెట్టుకోవడానికి ఈ ఒక్క జీవితం సరిపోతుంది.

పన్నెండో శతాబ్దంలో అరిస్టాటిల్ గ్రంథాలు, వాటితోపాటు అవిసెన్నా, అవెర్రోస్ వంటి ముస్లిం దార్శనికుల రచనలు గ్రీకు, అరబిక్ భాషల నుంచి లాటిన్‌లోకి ప్రవహించాయి. తొలెదోలో జెరార్డ్ ఆఫ్ క్రెమోనా (మరణం 1187) ఒక్కడే పదుల సంఖ్యలో గ్రంథాలను అనువదించాడు. వీటిలో ప్రకృతిని గురించిన గ్రంథాలు పుట్టించిన కలకలం అందరికీ తెలిసిందే. నా ఉద్దేశంలో అంతకంటే లోతైన మార్పు తెచ్చింది అరిస్టాటిల్ రాసిన, ‘ఉత్తర విశ్లేషణలు’ అనదగిన ఒక చిన్న, ఎండిపోయిన పుస్తకం. నిరూపణ అంటే ఏమిటో అది నిర్వచించింది: నిజమైన, మొదటివైన, స్వతస్సిద్ధమైన ఆధారవాక్యాల నుంచి తప్పనిసరిగా వెలువడే నిర్ణయమే నిరూపణ, అలా లభించిన జ్ఞానమే శాస్త్రం, తక్కినదంతా ఎంత సమంజసంగా ఉన్నా సంభావ్యత మాత్రమే. ఈ కొలబద్ద చేతికి వచ్చాక అన్సెల్మ్ “తప్పనిసరి కారణాలు” అన్న వాటిలో చాలావాటికి ఆ పేరు దక్కలేదు. క్రీస్తు అవతారానికి కారణాలు చెప్పవచ్చు, ఔచిత్యం చూపవచ్చు, నిరూపించడం వేరు. హేతువు పరిధి తగ్గడానికి మూలం ఇక్కడ ఉంది.

పారిస్‌లో అధికారులు మొదట భయపడ్డారు. అరిస్టాటిల్ ప్రకృతి గ్రంథాలను పాఠంగా చెప్పరాదని 1210లో ప్రాంతీయ సభ నిషేధించింది, 1215లో విశ్వవిద్యాలయ నిబంధనలు దాన్ని మళ్లీ చెప్పాయి, 1231లో పోపు తొమ్మిదో గ్రెగరీ వాటిని పరీక్షించి దోషాలు తొలగించేవరకు ఆగమన్నాడు. ఆ సంస్కరణ జరగనే లేదు. 1255 మార్చి 19న కళల విభాగం (తర్కం, తత్త్వశాస్త్రం వంటివి చెప్పే విభాగం) తన పాఠ్యప్రణాళికలో అప్పటికి దొరికిన అరిస్టాటిల్‌నంతా చేర్చేసింది. ఈ విభాగంలో ఉపాధ్యాయుడు కావడానికి కనీస వయసు 21 ఏళ్లు. వేదాంత (క్రైస్తవ దైవశాస్త్ర) విభాగంలో బోధించాలంటే 1215 నిబంధనల ప్రకారం 35 ఏళ్లు నిండాలి. ఒకవైపు అరిస్టాటిల్‌ను పొద్దస్తమానం చదివే యువకులు, మరోవైపు బైబిలును వ్యాఖ్యానించే పెద్దలు. విశ్వాసానికీ హేతువుకూ మధ్య తగాదా అని మనం పిలిచేదానిలో పెద్ద భాగం, ఒకే విశ్వవిద్యాలయంలోని ఈ రెండు విభాగాల మధ్య సరిహద్దు తగాదా.

దానికి కేంద్రం ఒక స్పష్టమైన ప్రశ్న: ఈ లోకానికి ఆరంభం ఉందా? చలనానికి ఆరంభం ఉండదని అరిస్టాటిల్ వాదించాడు. “ఆదియందు” అంటూ మొదలవుతుంది ఆదికాండం. ఫ్రాన్సిస్కన్ సభకు చెందిన బొనవెంచర్, లోకానికి ఆరంభం ఉందని హేతువే నిరూపించగలదన్నాడు. గడిచిన కాలం అనంతమైతే సూర్యుడి ప్రదక్షిణలు అనంతం; సూర్యుడు ఒకసారి తిరిగేలోగా చంద్రుడు పన్నెండుసార్లు తిరుగుతాడు; అంటే ఒక అనంతం కంటే మరొకటి పన్నెండు రెట్లు పెద్దది, ఇది అసంభవం. విశ్వాసానికి ఎంతో అనుకూలమైన వాదన! దీన్ని కాదన్నవాడు థామస్ అక్వినాస్.

‘సుమ్మా థియోలోజియే’ మొదటి భాగం 46వ ప్రశ్నలో ఆయన చెప్పినది ఇది. ఒక వస్తువు సారాన్ని నిర్వచించేటప్పుడు ‘ఇక్కడ’, ‘ఇప్పుడు’ అన్నవి ఆ నిర్వచనంలోకి రావు. కాబట్టి మనిషి సారాన్ని గానీ ఆకాశం సారాన్ని గానీ ఎంత తవ్వినా, అది ఎల్లప్పుడూ ఉండేది కాదన్న నిర్ణయం అందులోంచి రాదు. సృష్టికర్త వైపు నుంచి చూద్దామంటే, ఆయన సంకల్పం స్వతంత్రమైనది, స్వతంత్ర సంకల్పాన్ని తర్కంతో లెక్కగట్టలేం. కనుక లోకానికి ఆరంభం ఉందన్నది నమ్మదగినది, నిరూపించదగినది మాత్రం కాదు. లోకం ఎప్పటినుంచో ఉన్నా అది సృష్టే అవుతుందని చూపడానికి అగస్టీన్ గ్రంథంలోని ఒక ఉపమానాన్ని ఆయన అందుకున్నాడు: ఒక పాదం అనాదిగా దుమ్ములో మోపి ఉంటే దాని కింద ముద్ర కూడా అనాదిగానే ఉంటుంది, అయినా ఆ ముద్ర వేసింది పాదమే అనడంలో సందేహముండదు. అరిస్టాటిల్ వాదనలు కూడా నిజమైన నిరూపణలు కావని ఆయన రెండో వైపు నుంచీ తలుపు మూశాడు. ఆ తర్వాత ఒక హెచ్చరిక చేర్చాడు: విశ్వాస విషయాలను నిరూపిస్తామంటూ బలహీనమైన వాదనలు తెచ్చేవారు అవిశ్వాసులకు నవ్వుకునే అవకాశమిస్తారు, మనం ఇలాంటి కారణాల వల్లనే నమ్ముతున్నామని వాళ్లు అనుకుంటారు. త్రిత్వాన్ని హేతువుతో నిరూపించబోయేవారి గురించి 32వ ప్రశ్నలోనూ ఇదే మాట.

అక్వినాస్‌ను గురించి మీరు చదివినది సగమే ఒప్పు అనడానికి కారణమిదే. దేవుడున్నాడని చూపే ప్రసిద్ధమైన “అయిదు మార్గాలు” 512 ప్రశ్నల గ్రంథంలో ఒకే ఒక్క అధికరణంలో ఉన్నాయి. దేవుడున్నాడన్నది ఆయన లెక్కలో అసలు విశ్వాస సూత్రం కాదు, విశ్వాసానికి ముంగిలి. ఒకే మనిషి ఒకే విషయాన్ని ఒకే సమయంలో నిరూపణ ద్వారా ఎరిగి ఉండడం, నమ్మడం రెండూ జరగవని కూడా ఆయన నిక్కచ్చిగా అన్నాడు. ఎరిగినవాడికి దాన్ని నమ్మవలసిన పని లేదు. అయితే ఆ నిరూపణ అందేది ఎందరికి? తీరిక, బుద్ధిబలం, దీర్ఘకాల పరిశ్రమ ఉన్న కొద్దిమందికే, అదీ తప్పులతో కలిసి. క్రీస్తుకు ముందటి తత్త్వవేత్తలంతా ఎంత ప్రయాసపడినా, ఆయన వచ్చాక ఒక ముసలమ్మ విశ్వాసం వల్ల తెలుసుకున్నంత తెలుసుకోలేకపోయారని ఆయన ఒక ప్రసంగంలో అన్నాడు. ఆ ప్రసంగం మొదట్లోనే, ఒక ఈగ స్వభావాన్ని కూడా ఏ తత్త్వవేత్తా పూర్తిగా తేల్చలేకపోయాడన్న మాట ఉంది.

ఇద్దరు పండితుల ధోరణుల్లోని తేడా ఒకే పోలికలో కనిపిస్తుంది. తత్త్వశాస్త్రాన్ని పవిత్ర బోధలో వాడేవారు ద్రాక్షారసంలో నీళ్లు కలపడం లేదు, నీళ్లను ద్రాక్షారసంగా మారుస్తున్నారు అన్నాడు అక్వినాస్. కొన్నేళ్ల తర్వాత, 1273లో, బొనవెంచర్ అదే పోలిక తెచ్చి, లేఖనాల ద్రాక్షారసంలో తత్త్వశాస్త్రపు నీళ్లు ఎక్కువగా పోస్తే ద్రాక్షారసమే నీళ్లవుతుంది, అది మహా చెడ్డ అద్భుతం అన్నాడు. లోకారంభాన్ని నిరూపించగలమన్న బొనవెంచరే తత్త్వశాస్త్రం పట్ల ఎక్కువ అనుమానం చూపడం గమనించండి.

ఇప్పుడు “రెండు సత్యాలు”. కళల విభాగంలోని సిజె ద బ్రబాంట్, డెన్మార్కు నుంచి వచ్చిన బోయెథియస్ వంటి ఉపాధ్యాయులు అరిస్టాటిల్‌ను అరిస్టాటిల్‌గానే బోధించారు. లోకం నిత్యత్వం మీద రాసిన చిన్న గ్రంథంలో బోయెథియస్ చెప్పినది సూక్ష్మమైన మాట. ప్రకృతిశాస్త్రజ్ఞుడు ప్రకృతి సూత్రాల నుంచి మాత్రమే వాదిస్తాడు; ఆ సూత్రాల ప్రకారం మొదటి చలనం అనేది ఉండదు, ప్రతి చలనానికీ ముందు మరో చలనం ఉండాలి. “ప్రకృతి కారణాల వల్ల అయితే” అన్న షరతు ఆ నిర్ణయానికి ఎప్పుడూ తోడుంటుంది. క్రైస్తవుడు చెప్పేది ఏ షరతూ లేని సత్యం, ప్రకృతికి పైనున్న కారణం వల్ల లోకం మొదలైందని. షరతుతో చెప్పిన మాటకూ షరతు లేని మాటకూ వైరుధ్యం లేదు. సత్యం ఒక్కటే, కానీ ప్రతి శాస్త్రం తన సూత్రాల మేరకే మాట్లాడాలి. ఇది చదివాక నాకు పదమూడో శతాబ్దం కంటే నేటి ప్రయోగశాలే దగ్గరగా కనిపిస్తుంది.

పారిస్ బిషప్పు ఎతియెన్ తాంపియేకు ఈ సూక్ష్మం రుచించలేదు. 1270లో 13 ప్రతిపాదనలను, 1277 మార్చి 7న 219 ప్రతిపాదనలను ఆయన ఖండించాడు. రెండో పత్రం పీఠికలో, తత్త్వశాస్త్రం ప్రకారం నిజం, విశ్వాసం ప్రకారం కాదు అంటూ “రెండు విరుద్ధ సత్యాలున్నట్టుగా” వీరు మాట్లాడుతున్నారని నిందించాడు. సిద్ధాంతం అంటూ మనం వింటున్నది ఈ నింద నుంచి పుట్టినదే. దీనికి అవెర్రోస్‌ను మూలపురుషుడిగా చెప్పడం మరీ అన్యాయం. సత్యం సత్యాన్ని వ్యతిరేకించదని ఆయన రాసిన గ్రంథం మధ్యయుగాల్లో లాటిన్‌లోకి రానేలేదు. 219లో కొన్ని అక్వినాస్ అభిప్రాయాలకు కూడా తగిలాయి, అవి వెలువడిన రోజు ఆయన చనిపోయి సరిగ్గా మూడేళ్లు. ఇటలీ కవి దాంతే తన కావ్యంలో స్వర్గంలో సిజెను అక్వినాస్ సరసనే కూర్చోబెట్టి, అక్వినాస్ నోటనే అతన్ని పొగిడించాడు. ఇంత చమత్కారమైన పునర్విచారణ ఏ న్యాయస్థానమూ జరపలేదు.

ఖండన వల్ల హేతువు మూగబోయిందా? దేవుడు అనేక లోకాలను సృష్టించలేడని, శూన్యం మిగులుతుంది కనుక ఆకాశాన్ని సరళరేఖలో కదపలేడని అనడం కూడా ఖండితాల్లో ఉంది. అందువల్ల శూన్యం, బహులోకాలు వంటి అరిస్టాటిల్ అసంభవమన్న సంగతులను “దేవుడు తలచుకుంటే” అన్న పేరుతో నిర్భయంగా చర్చించే వీలు కలిగింది. ఫ్రెంచి భౌతికశాస్త్రవేత్త పియర్ ద్యుయెమ్ ఆధునిక విజ్ఞానశాస్త్ర జన్మదినం ఇదేనన్నాడు. అంత మాట నేను అనలేను. ఒక నిషేధపత్రానికి అంత ఘనత కట్టబెట్టడం అతి.

పద్నాలుగో శతాబ్దంలో కొలబద్ద ఇంకా బిగిసింది. ఇంగ్లండుకు చెందిన పండితుడు విలియం ఆఫ్ ఓకమ్ వేదాంతం కఠినమైన అర్థంలో శాస్త్రం కాదన్నాడు, దేవుడు ఒక్కడేనన్నది కూడా అదే కఠినమైన అర్థంలో నిరూపితం కాదన్నాడు. ఆయన నమ్మకంలో లోటేమీ లేదు. నిరూపణ అన్న మాటను ఆయన చవకగా ఖర్చు చేయలేదు, అంతే.

ఈలోగా అక్వినాస్‌ను 1323లో పోపు ఇరవై రెండో జాన్ పునీతుడిగా ప్రకటించాడు. పునీతుడి మాటలు ఖండితాల జాబితాలో ఉండడం ఇబ్బందికరం కనుక, 1325లో అప్పటి పారిస్ బిషప్పు ఎతియెన్ బూరే ఆ ఖండనను థామస్ బోధకు తగిలినంత మేరకు రద్దు చేశాడు. ఆ వాక్యాలు సరైనవని ఆయన అనలేదు, తప్పనీ అనలేదు. వాటిని విద్యాలయాల్లో స్వేచ్ఛగా చర్చించుకోవడానికి వదిలిపెడుతున్నానని రాశాడు.